కొసరు సమీకరణం

నాగావళి గుమ్మటంలో బడిగంట మోగగానే ఏడో తరగతి పిల్లలు ఇరవై ఆరుగురూ తమ తమ కొట్లు తెరిచారు. ఒకరిది బియ్యం కొట్టు, ఒకరిది నూనె కొట్టు, వెనక వరసలో కూర్చున్న తవిటినాయుడిది చేపల దుకాణం. వాడు పుట్టిన దగ్గర్నించీ చేపను కళ్ళతో చూసి ఎరగడు. అంగారక గ్రహం మీద చేపలు లేవు. అయినా వాడి దుకాణంలో వంజరాలు, చందువాలు తళతళలాడుతుంటాయి. కొనేవాళ్ళు ఈగల్ని తోలుకుంటూ బేరమాడుతుంటారు. ఈగలు కూడా ఆ గ్రహం మీద లేవు.

అది 2136వ సంవత్సరం. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు అంగారకుడి మీద మూడు గుమ్మటాలు కట్టుకుని, వాటికి నాగావళి, వంశధార, శారద అని తమ వైపు నదుల పేర్లు పెట్టుకుని అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. గుమ్మటం బయట ఊపిరి ఆడదు. లోపల మాత్రం తొమ్మిది వందల ఇళ్ళు, తోటలు, ఒక బడి, చిన్న గుడి, పొద్దున్నే కుళాయిల దగ్గర వరసలు, వరసల్లో మాటలు, అన్నీ మామూలే.

పిల్లలు తెరిచిన ఆ కొట్ల ఆట పేరు సంతలోకం. డాక్టర్ ఇందుకూరి మృణాళిని కనిపెట్టిన గణితయంత్రం అది. పూర్వం లెక్కలంటే పలక మీద రాయడం, పుస్తకంలో వెనక పేజీ తిప్పి జవాబు చూసుకోవడం. సంతలోకంలో జవాబు రాసే పని లేదు. ప్రతి కొట్లోనూ ఒక అంగడిబొమ్మ ఉంటుంది. దానికి ఏమీ తెలియదు. దేన్ని ఎలా తూచాలో పిల్లలే దానికి వరసగా ఆదేశాలు రాసి నేర్పాలి. కోడ్ అంటే అదే. మాటలన్నీ తెలుగే, ‘అయితే’, ‘లేకపోతే’, ‘అయ్యేదాకా’ అని. పిల్లకి లెక్క అర్థమైతే బొమ్మ సరిగ్గా తూస్తుంది. అర్థం కాకపోతే బొమ్మ తప్పు తూస్తుంది, కొన్నవాడు సంచీ తిరగేసి గొడవ పెట్టుకుంటాడు. తప్పు ఎక్కడుందో పిల్ల తన కళ్ళతో తనే చూస్తుంది.

ఆట మొత్తం త్రాసు మీద నడుస్తుంది. దానికీ ఒక కారణం ఉంది. అంగారకుడి మీద బరువు భూమి మీది బరువులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. భూమి నుంచి తెచ్చిన స్ప్రింగు త్రాసులన్నీ అక్కడ తప్పు చూపించాయి. రెండు పళ్ళేల త్రాసు ఒక్కటే ఏ లోకంలోనైనా ఒకే మాట చెబుతుంది, ఎందుకంటే అది ఒకదాన్ని ఇంకొకదానితో పోలుస్తుంది. సమీకరణమంటే అదే కదా అని మృణాళినికి తోచింది. ఎడమ పళ్ళెం, కుడి పళ్ళెం, మధ్యలో సమానం గుర్తు. తెలియని రాశి ఒక కట్టేసిన మూట. రెండు పక్కలనించీ సమానంగా తీస్తూ పోతే మూట బరువు తేలుతుంది. ‘పక్క మారితే గుర్తు మారుతుంది’ అని వల్లె వేసినవాళ్ళకి జన్మంతా అర్థం కానిది, సంతలోకంలో పిల్లలకి మూడు రోజుల్లో అర్థమయ్యేది.

ఓరుగంటి భానుమూర్తి ఆ తరగతికి లెక్కల మేష్టారు. యాభై మూడేళ్ళ మనిషి. పొద్దున్నే లేచి స్నానం చేసి, దేవుడి ముందు విద్యుద్దీపం వెలిగించి, ఇంత బెల్లం ముక్క నైవేద్యం పెట్టి గానీ బడికి బయల్దేరడు. గుమ్మటంలో నిప్పు వెలిగించడం నిషేధం గనక నూనెదీపం లేదన్న వెలితి ఆయనకి ఎప్పుడూ ఉంది. సంతలోకం వచ్చాక ఆయనకి బోధించే పని పోయి, పిల్లల మధ్య తిరుగుతూ కనిపెట్టుకుని ఉండే పని మిగిలింది. దానికి ఆయన బాధపడలేదు. యంత్రం తనకన్నా బాగా చెబుతోందని ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది గానీ, ఒప్పుకున్నాక మనసు తేలికపడింది. ఆరేళ్ళలో సమీకరణాల సంత అనే ఏడాది చివరి పరీక్షలో ఒక్క పిల్ల కూడా తప్పలేదు.

ఆ ఏడు బొడ్డు నీలవేణి తప్పేలా ఉంది.

నీలవేణికి పన్నెండేళ్ళు. తల్లిదండ్రులు మంచుగనుల్లో పనిచేస్తూ నెలకొకసారి వస్తారు. పిల్ల మామ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పిల్లకి ఒకే కోరిక, నీటి కేంద్రంలో చేరాలని. ఐదేళ్ళ వయసునించీ అద్దాల గోడకి ముక్కు ఆనించి మంచు కరిగించే పెద్ద పీపాయిని చూస్తూ నిలబడేది. ఏ వాల్వు ఎటు తిరుగుతుందో అక్కడి పనివాళ్ళకన్నా ముందు చెప్పేది. అయితే నీటి కేంద్రానికి దారి ఎనిమిదో తరగతి మీదుగానే ఉంది. ఏడాది చివర సమీకరణాల సంత గట్టెక్కనివాళ్ళని తోటల విభాగానికి పంపుతారు. తోటపని తక్కువదని అక్కడ ఎవరూ అనుకోరు, అందరూ తినేది ఆ కూరలే. కానీ తోటలనించి నీటి కేంద్రానికి మళ్ళీ దారి లేదు.

విచిత్రం ఏమిటంటే నీలవేణి కొట్టు ముందే జనం ఎక్కువ. మిగతా పిల్లల కొట్ల దగ్గర నలుగురు, ఐదుగురు నిలబడితే ఆమె కొట్టు ముందు వరస వీధి మలుపు తిరిగేది. మార్కులు మాత్రం సున్నా. మార్కులు జనాన్ని బట్టి రావు, తూకాన్ని బట్టి వస్తాయి.

“సినిమా హాలు పెట్టుకోవే. టిక్కెట్లయినా తెగుతాయి,” అన్నాడు తవిటినాయుడు.

“నీ చేపల కంపుకి అంతా ఇటు పారిపోయి వస్తన్నారు, నానేటి సెయ్యను,” అంది నీలవేణి తల ఎత్తకుండానే.

భానుమూర్తి ఆమె పక్కన కూర్చుని కోడ్ చూడబోయాడు. పిల్లకి సమీకరణాలు అర్థం కాలేదేమో, మొదటినించీ చెబుదామని ఆయన ఉద్దేశం. తెర మీద ఐదే వరసలు ఉన్నాయి. అడిగిన సరుకుని ఇరవై ఒక్క భాగాలు చెయ్యి. అందులో ఇరవై భాగాలు పళ్ళెంలో వెయ్యి. గంట కొట్టు. పళ్ళెంలో ఉన్నదానిలో ఇరవయ్యో వంతు మళ్ళీ వెయ్యి. ‘ఇది కొసరు’ అని చెప్పు.

ఆయన రెండుసార్లు చదివాడు. తరవాత జేబులోంచి కాగితం తీసి చేత్తో లెక్క వేశాడు. ఇరవై ఒక్క కిలోలు అడిగినవాడికి ముందు ఇరవై పడతాయి. ఇరవైలో ఇరవయ్యో వంతు ఒకటి. మొత్తం ఇరవై ఒకటి. నలభై రెండు అడిగితే నలభై, ఆ పైన రెండు. ఎంత అడిగినా చివరికి లెక్క సరిపోతుంది. మొదట ఎంత వేస్తే, కొసరు వేశాక అడిగినంతే అవుతుందన్నది ఆ పిల్ల వేసుకున్న ప్రశ్న. సంతలోకం ఆ ప్రశ్న అడగనే లేదు. ఆమె తనని తనే అడిగి తనే విప్పుకుంది.

మరి తప్పెక్కడ? గంట దగ్గర ఉంది. తూకం అయిందని బొమ్మ గంట కొట్టగానే, మార్కులు వేసే తనిఖీయంత్రం త్రాసు చూస్తుంది. ఆ క్షణంలో పళ్ళెంలో ఇరవయ్యే ఉన్నాయి. తక్కువ తూకమని ఒక తప్పు రాసుకుంటుంది. ఆ తరవాత పడిన ఒకటీ ఎవరూ అడగనిది గనక అనవసరంగా ఇచ్చిన సరుకని రెండో తప్పు రాసుకుంటుంది.

భానుమూర్తి తనిఖీయంత్రాన్నే అడిగి చూశాడు, చివరికి రెండు పళ్ళేలూ సమానమే కదా అని.

“చివరికి సమానమే,” అంది యంత్రం. “దారిలో రెండు తప్పులు జరిగాయి.”

“ఆ రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటే?”

“నా నియమాల్లో ఆ ప్రశ్న లేదు.”

ఆయన నీలవేణి వైపు తిరిగి, గంట కొట్టే వరసని కొసరు కిందికి దింపేస్తే ఏ గొడవా ఉండదన్నాడు. లెక్క మారదు, మార్కులు వచ్చేస్తాయి.

“దింపి సూసినాను సార్. జనం రానేదు.”

“జనంతో మనకేం పనమ్మా? మార్కులు తూకానికి.”

“మరి కొట్టెందుకు సార్?”

పిల్ల మళ్ళీ నెమ్మదిగా చెప్పింది, తూకం అయిపోయిందని గంట కొట్టాక ఇస్తేనే అది కొసరని, గంటకి ముందు ఇస్తే అది తూకంలో కలిసిపోతుందని. అది ఆమెకి రెండు రెళ్ళు నాలుగన్నంత మామూలు సంగతి. పరీక్షలో మాత్రం దింపమని భానుమూర్తి గట్టిగా చెప్పాడు. ఆమె తల ఊపింది. ఆ ఊపడం ఒప్పుకున్నట్టా, విన్నట్టా అన్నది ఆయన ఆలోచించలేదు.

పరీక్ష రోజున నీలవేణి గంటని దింపలేదు. మొత్తం సరిగ్గా వస్తున్నప్పుడు యంత్రం చివరిదాకా చూడకుండా ఉంటుందా అని ఆమె అనుకుందట. యంత్రం చివరిదాకా చూడలేదు. ఇరవై ఐదుగురు పాసయ్యారు. ఫలితం మూసిన పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఒకప్పుడు తల్లిదండ్రులు ఇళ్ళకొచ్చి మేష్టార్లని బతిమాలి మార్కులు వేయించుకునేవారు గనక, మార్కుల పెట్టెని మనిషన్నవాడు తెరవడానికి వీల్లేకుండా చేశారు.

ఆ సాయంత్రం భానుమూర్తి నీలవేణి మామ్మకి సంగతి చెప్పడానికి కూరల బల్ల దగ్గరికి వెళ్ళాడు. అప్పలనరసమ్మకి డెబ్భై ఏళ్ళు. గుమ్మటంలో కూరలన్నీ యంత్రాలే గ్రాము తేడా లేకుండా పొట్లాలు కట్టి ఇస్తాయి. ఆకుకూరలు మాత్రం నలగకుండా ఉండాలని ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి ఆమె. భానుమూర్తి ఆరేళ్ళుగా ఆమె దగ్గరే తోటకూర తీసుకుంటున్నాడు. తూకమయ్యాక ఆమె గుప్పెడు ఆకు పైన వేసి, “ఇది కొసరు మేష్టారూ” అంటుంది. ఆ గుప్పెడు కోసమే ఆయన రెండు వీధులు తిరిగి అక్కడికి వెళ్ళేవాడు. ఆమె మనసు మంచిదని ఇంట్లో భార్యతో చాలాసార్లు అన్నాడు కూడా.

సంగతంతా విని ఆ ముసలమ్మ ఆశ్చర్యపోయింది, పిల్ల తప్పినందుకు కాదు, అది తప్పెలా అయిందని.

“నాను సేసేదీ అదే కదా మేష్టారూ. ముందు కాసింత తగ్గించి పెడతాను. తగ్గించిందే పైన యేస్తాను. నేకపోతే కొసరు నాను ఎక్కడ్నించి తేవాల? తోటోళ్ళు నాకు గ్రాము లెక్కని ఇస్తారు.”

భానుమూర్తి చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది. “అంటే ఇన్నాళ్ళూ నాకు కూడా?”

“మీకేటి తక్కువైంది? ఇంటికెల్లి తూసుకోండి.”

ఆయన ఇంటికి వెళ్ళి నిజంగానే తూచాడు. అడిగిందెంతో అంతే ఉంది. ఒక్క ఆకు తక్కువ లేదు, ఎక్కువ లేదు. ఆయన భార్య సుభాషిణి పక్కన నిలబడి చూసి, కిందటేడు అప్పలనరసమ్మకి జ్వరమొచ్చి వారంపాటు యంత్రం కట్టిన తోటకూర తెచ్చినప్పుడు మీరే కదా ఇదేమిటి ఇంతే ఉంది అన్నారని గుర్తు చేసింది. అప్పుడూ ఇంతే ఉండి ఉండాలి.

మర్నాడు పూజలో బెల్లం ముక్క నైవేద్యం పెట్టి, కళ్ళు మూసుకుని, తిరిగి తీసుకుని నోట్లో వేసుకుంటూ ఉంటే ఆయనకో ఆలోచన వచ్చింది. పెట్టింది ఈ ముక్కే, తిరిగొచ్చింది ఈ ముక్కే. బరువు మారలేదు. అయినా ముందుది బెల్లం, తరవాతిది ప్రసాదం. ఈ రెంటి మధ్యా జరిగిందేమిటో ఏ త్రాసూ చెప్పదు. ఆ ఆలోచన ఎటు పోతుందో అని కాస్త బెదిరి, లెంపలు వేసుకుని లేచాడు.

పెట్టె తెరవడం మనిషికి వీల్లేదు గానీ, నియమావళిలో ఒక పాత దారి ఉందని ఆయనకి తెలుసు. మొదటి తరంవాళ్ళు రాసిపెట్టింది. పరీక్ష తప్పిన విద్యార్థి కోడ్ నిజమైన పనిలో ముప్పై రోజులు తప్పు లేకుండా నడిస్తే దాన్ని పని పరీక్షగా లెక్కించి పాస్ చెయ్యవచ్చు. దానికి ఆటని తయారుచేసిన శాస్త్రవేత్త, తరగతి మేష్టారు, ఆ పని జరిగే చోటి అధికారి ముగ్గురూ సంతకం పెట్టాలి. ఆయన శారద గుమ్మటంలో ఉన్న డాక్టర్ మృణాళినికి కబురు చేశాడు.

ఆవిడ వచ్చేటప్పుడు అంత ఆసక్తిగా రాలేదు. పిల్లలు తెలివిగా తప్పించుకునే దారులు చాలా చూశానంది. భానుమూర్తి కోడ్ గురించి చెప్పకుండా నీలవేణి కొట్టు ముందు వరసని చూపించాడు. ఆవిడ చూస్తూ చూస్తూ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“భానుమూర్తిగారూ, ఈ కొనేవాళ్ళు ఎవరో మీకు తెలుసా?”

“బొమ్మలే కదా అమ్మా.”

బొమ్మలే గానీ ఊహించి చేసినవి కావని ఆవిడ వివరించింది. వాటిని ప్రతిచ్ఛాయలంటారు. గుమ్మటాల్లో మనుషులు ఎప్పుడు సంతోషిస్తారో, ఎప్పుడు గొణుగుతారో, ఎక్కడికి మళ్ళీ వెళతారో ఏళ్ళ తరబడి సేకరించిన వివరాల్లోంచి పేర్లు తీసేసి వాటి స్వభావాలు తయారుచేశారు. ఆట నిజంగా ఉండాలని అలా చేశారు తప్ప ఆ వరసలనించి ఏదైనా నేర్చుకోవాలని ఎవరికీ తట్టలేదు. నీలవేణి కొట్టు ముందు నిలబడింది నాగావళి గుమ్మటమే.

నీటి కేంద్రం అధికారి సనపల సత్యారావుకి ఈ మాట చెప్పి, నీలవేణి కోడ్‌ని కుళాయిల్లో నెల రోజులు నడపనివ్వమని ఇద్దరూ అడగ్గానే ఆయన లేచి తలుపు వేశాడు. తాగడానికీ వండుకోవడానికీ ఇంటికి రోజుకి ఇరవై ఒక్క లీటర్లు వాటా. కుళాయి చుక్క తేడా లేకుండా పోస్తుంది. అయినా నెలకి ఆరువందల ఫిర్యాదులు, నీళ్ళు తగ్గించేశారని. కొలిచి చూపిస్తే కొలతపాత్రే తప్పంటారు. ఆయన నలభై ఏళ్ళకే తల నెరిపించుకున్నాడు. నెల రోజులేమిటి, సంవత్సరమైనా పెట్టుకోండి అన్నాడు.

“ఒక షరతు,” అన్నాడు భానుమూర్తి. “ప్రతి కుళాయి మీదా రాయాలి. వాటా మారలేదు, ముందు ఇరవై, తరవాత ఒకటి, మొత్తం ఇరవై ఒకటే అని.”

సత్యారావు మొహం మారింది. చెప్పేస్తే ఇంకేముంది, రెండు రోజుల్లో అంతా నవ్విపోతారు, ఫిర్యాదులు రెట్టింపవుతాయి, పిల్ల పరీక్ష కూడా పోతుందన్నాడు. మృణాళిని కూడా ఆయన వైపే ఉంది. ఎవరికీ చుక్క నష్టం లేనప్పుడు చెప్పకపోతే దోషం ఏమిటని అడిగింది. భానుమూర్తి దగ్గర దానికి పెద్ద వాదన లేదు. చెబితే చెడిపోయే మంచి మీద తను సంతకం పెట్టలేనన్నాడు, అంతే. ఆ మాట అంటున్నప్పుడు ఎదురుగా బెంచీ మీద నీలవేణి కూర్చుని ఉంది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి తన పట్టుదల మీద వేలాడుతోందని ఆయనకి తెలుసు. ఆమె వైపు చూడలేక గోడ మీది గడియారం వైపు చూశాడు.

“రాసేయండి సార్,” అంది నీలవేణి. “మా మామ్మ ఎప్పుడూ దాసనేదు. ఆల్లే అడగనేదు.”

మొదటి రోజు భానుమూర్తి తమ వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడ్డాడు. కుళాయి ఇరవై లీటర్లు పోసి, ఆగి, గంట కొట్టింది. తరవాత తెర మీద ‘కొసరు’ అన్న అక్షరాలు వెలిగి ఒక లీటరు పోసింది. అక్కడ బరువు తక్కువ గనక నీళ్ళు కూడా నింపాదిగా, తాడు వదిలినట్టు పడతాయి. ఆ ఒక్క లీటరు పడుతున్నంతసేపూ జనం ఊరుకుని చూశారు. ఒకాయన కళ్ళజోడు పెట్టుకుని పైన అంటించిన ప్రకటన అంతా బిగ్గరగా చదివాడు. వాటా మారలేదని, మొత్తం ఇరవై ఒకటేనని అందరికీ వినబడేలా చదివి, కాగితం మీద వేలితో కూడి చూసి, సరిపోయిందన్నాడు. తరవాత తన బిందె ఎత్తుకుంటూ, “ఏదైతేనేం, ఆఖర్ని అదో లీటరు పోస్తన్నారు, సంతోషం,” అని వెళ్ళిపోయాడు.

ముప్పై రోజులు అలాగే నడిచింది. పీపాయిలోంచి వెళ్ళిన నీళ్ళు, ఇళ్ళకి చేరిన నీళ్ళు చివరి చుక్కదాకా సమానం. ఫిర్యాదులు పదకొండు వచ్చాయి. వాటిలో తొమ్మిది వరసలో ముందుకి దూరినవాళ్ళ మీద. ప్రకటన చదవనివాళ్ళు గుమ్మటంలో ఎవరూ లేరని సత్యారావు మనుషుల్ని పంపి మరీ కనుక్కున్నాడు. అందరికీ తెలుసు. తెలిసే సంతోషిస్తున్నారు.

ముప్పయ్యో రోజు సాయంత్రం ముగ్గురూ సంతకాలు పెట్టారు. మృణాళిని కలం మూత పెట్టింది.

“పళ్ళేలు సమానమైతే మనుషులు ఊరుకుంటారనుకున్నాను,” అంది. “నా ఆట అంతా ఆ నమ్మకం మీద కట్టాను.”

సంతలోకాన్ని సరిచేస్తారా అని భానుమూర్తి అడిగాడు. త్రాసుని సరిచెయ్యాలో, కొనేవాళ్ళని సరిచెయ్యాలో తేలడం లేదని ఆవిడ నవ్వింది. నియమం ప్రకారం పరీక్ష ముగిసింది గనక కుళాయిలు మర్నాటి నుంచి పాత పద్ధతికి వెళతాయనీ, కొత్తది పెట్టాలా వద్దా అన్నది పాలకమండలి తేలుస్తుందనీ చెప్పి ఆఖరి బండిలో శారదకి వెళ్ళిపోయింది.

ముప్పై ఒకటో రోజు పొద్దున్న భానుమూర్తి పూజ ముగించుకుని బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు ఏం జరగబోతోందో ఆ వరసలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆయన. బిందె కింద పెట్టాడు. కుళాయి ఆగకుండా ఇరవై ఒక్క లీటర్లు పోసింది. నీళ్ళు సరిగ్గా గీత దగ్గరికి వచ్చి నిలిచాయి. తెర మీద ‘పూర్తి’ అని వచ్చింది.

ఆయన బిందె ఎత్తలేదు.

వెనక ఎవరో దగ్గారు. ఆయన గీతని చూశాడు, నీళ్ళని చూశాడు, కుళాయి మూతిని చూశాడు. లెక్క అంతా మనసులో వరసగా ఉంది. ఇరవై, ఇరవయ్యో వంతు, మొత్తం. ఆ వరస కింద ఇంకో చోట, లెక్కలు వెళ్ళని చోట, ఏదో రావలసింది రాలేదన్న బాధ చిన్న పిల్లాడిలా మొండికేసి కూర్చుంది. ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళి కుళాయి బొత్తాం మరోసారి నొక్కింది. ‘పూర్తి’ అంది తెర.

“సార్.”

నీలవేణి పరిగెత్తుకుంటూ వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. చేతిలో ఎనిమిదో తరగతి చీటీ ఉంది. పొద్దున్న నుంచీ సత్యారావుగారి దగ్గర ఫోన్లు ఆగడం లేదట. అప్పటికే మూడు వందల ఇళ్ళు, నీళ్ళు తగ్గాయని. ఆ సంగతి చెబుతూ చెబుతూ ఆమె మేష్టారి మొహం చూసి ఆగింది. బిందె చూసింది. బొత్తాం మీదే ఉన్న ఆయన వేలు చూసింది.

వరసలో ఒకావిడ చేతిలోని స్టీలు గ్లాసు నీలవేణి అడిగి తీసుకుంది. వంగి, మేష్టారి బిందెలోంచే గ్లాసుడు నీళ్ళు ముంచింది. ఎత్తి పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, ఆ నీళ్ళని తిరిగి ఆ బిందెలోనే నెమ్మదిగా వంపింది.

“ఇదిగోండి సార్. కొసరు.”

నీళ్ళు మళ్ళీ గీత దగ్గరికి వచ్చి నిలిచాయి. భానుమూర్తి వాటిని చూసి, తల ఊపి, బిందె మీద మూత పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. వెనక వరసలో తరవాతి మనిషి తన బిందె ముందుకి జరిపి, నీలవేణి చేతిలో గ్లాసు వైపు చూస్తూ నిలబడ్డాడు.